ముందు గుద్దుకుని బాగుచేయించిన డిజైర్ లక్ష తక్కువకి ఇస్తున్నారు, తీసుకోవచ్చా?

రాజోలు కుర్రాడు:

అందరికీ నమస్కారం. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. రొయ్యల చెరువుల మీద మేత కంపెనీకి ఫీల్డ్ పని చేస్తాను. బండి నా పనికి కాదు, పనికి బైక్ సరిపోతుంది. మా అమ్మని నెల నెలా రాజమండ్రి హాస్పిటల్‌కి చూపించాలి. బస్సులో రావులపాలెంలో దిగి మళ్ళీ ఎక్కేసరికి ఆవిడ నీరసపడిపోతోంది. కారు మాట్లాడితే పోను రాను మూడు వేల పైమాటే. అందుకని సెకండ్ హ్యాండ్‌లో ఒకటి చూసుకుందామని తిరుగుతున్నాను.

భీమవరంలో ఒక కన్సల్టెన్సీలో 2019 డిజైర్ పెట్రోల్ ఉంది. తెల్ల రంగు, ఏపీ 39 నంబరు, మీటరు 58 వేలు చూపిస్తోంది. ఇలాంటిది మిగతా చోట్ల ఐదున్నర లక్షలకి అటూ ఇటూగా చెబుతుంటే, ఇతను నాలుగు లక్షల ముప్పై వేలకి ఇస్తానంటున్నాడు. ఎందుకింత తక్కువ అంటే, "ముందు చిన్న టచ్ అయిందండీ. బంపరు, ఒక ఫెండరు మార్చారు. షోరూమ్‌లోనే చేయించారు" అన్నాడు. ఆ బిల్లు చూపించమంటే ఓనరు దగ్గరుంది, తెప్పిస్తానన్నాడు. ఇంతవరకూ రాలేదు.

నా కంటికి కనపడినవి చెబుతాను. కుడి ఫెండరు, డ్రైవరు డోరు ఎండలో చూస్తే మిగతా బండి కంటే కాస్త తెల్లగా ఉన్నాయి. కుడి హెడ్‌లైట్ కొత్తది, ఎడమది మసకేసింది. బోనెట్ మూశాక కుడివైపు సందు వేలు దూరేంత ఉంది, ఎడమవైపు లేదు. పాలసీ కాగితంలో ఎన్సీబీ, అదే క్లెయిమ్ చేయనివాళ్ళకి ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, సున్నా అని ఉంది. ఇంజన్ మాత్రం బాగుంది, ఏసీ బాగుంది, చించినాడ బ్రిడ్జి దాకా నడిపి చూశాను, ఏ చప్పుడూ లేదు.

మా బావమరిది తీసేసుకో అంటాడు. "ఇంజన్ బాగుంటే చాలు బావా, రంగు చూసుకోడానికి ఇదేమన్నా పెళ్ళిచూపులా" అని. మా మావయ్య గారు దెబ్బ తిన్న బండి గడప ఎక్కకూడదంటారు, ఆయనది శకునం గొడవ. వీళ్ళిద్దరి మధ్యా నాకు కావలసిన జవాబు దొరకడం లేదు. అమ్మని కూర్చోబెట్టుకుని హైవే ఎక్కాల్సిన బండి ఇది. ఆదివారంలోగా ఇరవై వేలు అడ్వాన్స్ ఇవ్వకపోతే వేరే వాళ్ళకి ఇచ్చేస్తానంటున్నాడు. తెలిసినవాళ్ళు చెప్పండి.


లంక బుల్లోడు:

ఆదివారంలోగా అంటున్నాడంటే అక్కడే అర్థం కావాలి బ్రో. భీమవరంలో తెల్ల డిజైర్లకి కరువా? వదిలెయ్.


అమలాపురం ఐ20:

అందరూ ఇలాగే భయపెడతారు. నా ఐ20 వెనక గుద్దించుకున్న బండే. కొత్తపేట సెంటర్లో లారీ రివర్స్‌లో వచ్చి డిక్కీని లోపలికి నొక్కేసింది. అప్పటి ఓనరు డిక్కీ మూత, బంపరు మార్పించి అమ్మేశాడు, నేను తెలిసే కొన్నాను. చాలా ఏళ్ళుగా తిరుగుతున్నాను, హైదరాబాద్ కూడా వెళ్ళొచ్చాను, ఏమీ కాలేదు. మంచి మెకానిక్‌కి చూపించి, రేటు ఇంకా బాగా తగ్గించి తీసుకోండి. నష్టమల్లా రేపు మీరు అమ్మబోతే మిమ్మల్ని కూడా ఇలాగే తగ్గించి అడుగుతారు, అంతే.


రేకు బాబాయి:

బాబూ రాజోలూ, నాది రావులపాలెంలో టింకరింగ్ షెడ్డు. హైవే పక్కన కదా, ఇటు సిద్ధాంతం బ్రిడ్జి నుంచి అటు జొన్నాడ దాకా గుద్దుకున్నవీ, లోపల ఊళ్ళలో కాలవ గట్టు మీంచి దొర్లినవీ చాలావరకు మా లైన్లోకే వస్తాయి. కాబట్టి అమ్మేవాడి తరఫున కాదు, కొనేవాడి తరఫున కూడా కాదు, రేకు తరఫున చెబుతాను. కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదువుకో.

ముందు, యాక్సిడెంట్ బండి అనగానే దండం పెట్టి వచ్చెయ్యక్కర్లేదు. బంపరు ప్లాస్టిక్. ఫెండరు, బోనెట్, డోర్లు, డిక్కీ మూత ఇవన్నీ బోల్టులతో బిగించేవి. పోతే కొత్తవి వేసి రంగు కొడతాం, బండి బలానికి ఏమీ కాదు. మన సందుల్లో, మన ట్రాక్టర్ల మధ్య ఐదారేళ్ళు తిరిగిన బండికి ఎక్కడా రంగు పడలేదని ఎవడైనా చెబితే నాకు ఆ బండి మీద కంటే ఆ మనిషి మీద అనుమానం వస్తుంది.

వెల్డింగుతో పుట్టిన భాగాలు వేరు. ముందు చక్రం పైన షాకబ్జార్బర్ తల కూర్చునే ఆప్రాన్, దాని కింద నుంచి బంపరు దాకా దూలాల్లా వచ్చే చాసిస్ మెంబర్లు, అద్దం పక్క పిల్లరు, డోర్ల మధ్య పిల్లరు, టాపు, ఫ్లోరు. ఇవన్నీ కంపెనీలో స్పాట్ వెల్డింగ్ పడి ఒకే డబ్బాగా బయటికొస్తాయి. దెబ్బ వీటి దాకా వెళ్ళిందా, లేక బోల్టుల దగ్గరే ఆగిందా, నువ్వు తేల్చుకోవలసింది ఇదొక్కటే. రంగు తేడా చూసి మీ బావమరిది నవ్వాడంటే అతని తప్పేం లేదు, రంగు నిజంగానే చిన్న విషయం. ఇంజన్ బాగుంటే చాలన్నాడు చూడు, అది మాత్రం తప్పు. ఇంజన్ చెడితే బండి ఆగిపోతుంది. డబ్బా బలం పోయిందని మళ్ళీ గుద్దుకునేదాకా తెలీదు.

ముందు మెంబర్లు లెక్క కట్టి నలిగేలా చేసినవి. ముక్కు నలుగుతూ దెబ్బని తినేస్తే లోపల కూర్చున్నవాళ్ళ దాకా తక్కువ చేరుతుంది. ఒకసారి నలిగినదాన్ని మేం గొలుసు వేసి లాగుతాం, రాకపోతే గ్యాసుతో కాలుస్తాం, సుత్తితో సరిచేస్తాం. బయటికి నిటారుగానే నిలబడుతుంది. కానీ ఇప్పటి కార్లలో వాడేది హై టెన్సైల్ స్టీలు. దాన్ని ఎర్రగా కాలిస్తే బలం దిగిపోతుంది. పద్ధతి ప్రకారమైతే పాడైన ముక్క తీసేసి కొత్తది వెయ్యాలి, కొలతల బెంచీ మీద పెట్టి చాసిస్ కొలవాలి. ఆ ఖర్చు ఎంతమంది పెడతారు? "బాబాయ్, అమ్మేసే బండి, చూడ్డానికి బాగుంటే చాలు" అని నాతోనే అంటారు. ఇక ఎయిర్ బ్యాగు సంగతి. ముక్కు ఎంత వేగంగా నలుగుతోంది, బండి ఎంత ఠక్కున ఆగుతోంది అన్నది చూసుకునే అది పేలుతుంది. తెరుచుకోడానికి సెకనులో ఇరవయ్యో వంతు కూడా పట్టదు. ముక్కు బలం మారిపోయిన బండిలో ఆ లెక్క కుదురుతుందని ఏ టింకరూ నీకు రాసివ్వలేడు.

నువ్వు చెప్పినవాటిలో నాకు నచ్చనిది బోనెట్ సందు. ఫెండరు బోల్టుల్ని అటూ ఇటూ జరిపి సందులు కలుపుతాం, అది నేర్చుకునే కుర్రాడు కూడా చేస్తాడు. అయినా సందు కలవలేదంటే బిగించినవాడి బద్ధకమైనా అయ్యుండాలి, కింద ఆప్రానే పక్కకి జరిగైనా ఉండాలి. ఏదో నువ్వే చూసుకోవచ్చు. పగలు వెళ్ళు, ఎండలో. నీళ్ళు కొట్టి ఉంచిన బండిని చూడకు, తడి మీద అన్ని రంగులూ ఒకలాగే ఉంటాయి.

బోనెట్ ఎత్తి రెండువైపులా ఆప్రాన్ అతుకుల మీద పూసిన సీలెంటు చూడు. కంపెనీది ఒకే లావున గీత గీసినట్టు ఉంటుంది. మాది వేలితో రాసినట్టు ఉంటుంది, నిజంగా వేలితోనే రాస్తాం మరి. బోనెట్ కీళ్ళ బోల్టులు, ఫెండరు బోల్టులు చూడు, అంచుల్లో రంగు లేచిపోయి ఉంటే పానా పడినట్టు. అది ఎలాగూ వాళ్ళు ఒప్పుకున్నదే కాబట్టి దాని దగ్గర టైం పోగొట్టుకోకు.

తర్వాత డ్రైవరు డోరు తెరువు. డోరు చుట్టూ బాడీ అంచుకి నల్ల రబ్బరు బీడింగ్ ఉంటుంది కదా, దాన్ని అద్దం పక్క పిల్లరు దగ్గర పట్టుకుని లాగు. ఊడి వస్తుంది, భయం లేదు, మళ్ళీ నొక్కితే కూర్చుంటుంది. దాని కింద రేకు అంచు మీద చిటికెన వేలి గోరంత గుండ్రటి గుంటలు వరసగా కనపడాలి, ఒకే ఎడంలో. కంపెనీ స్పాట్లు అవే. ఆ వరస మధ్యలో మాయమై నున్నగా అయిపోయినా, గ్రైండింగ్ గీతలు కనపడినా, వెల్డింగ్ బుడిపెలు చేతికి తగిలినా అక్కడ పిల్లరు కోసి అతికారన్నమాట. ఎడమ డోరు బీడింగ్ కూడా లాగి రెండూ పోల్చుకో. నీకు పోలిక ఆ బండిలోనే ఉంది, ఇంకెవర్నీ అడగక్కర్లేదు. బీడింగ్ ముట్టుకోవద్దని అమ్మేవాడు అంటే మాత్రం ఇంక మాట్లాడకు, బండెక్కి ఇంటికి వచ్చెయ్.

ఇక లప్పం సంగతి, అదే సొట్టలు పూడ్చడానికి రంగు కింద పూసేది. పల్చటి గుడ్డలో చిన్న అయస్కాంతం చుట్టి డోరు మీద, పిల్లరు మీద, వెనక చక్రం పైన ఆనించు. లప్పం మందంగా ఉన్నచోట పట్టదు. పెయింట్ మీటరు ఉన్నవాళ్ళు దొరికితే మరీ మంచిది. కంపెనీ రంగు మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్ల మధ్య ఉంటుంది. మళ్ళీ కొట్టిన రంగు 200 దాటుతుంది, లప్పం ఉంటే ఇంకా చాలా పైకి పోతుంది. డోరు మీద 250 వచ్చినా పర్వాలేదు. పిల్లరు మీద, టాపు మీద వస్తే ఎందుకు వచ్చిందో అడుగు.

ఇప్పుడు ఎయిర్ బ్యాగు. ఈ మోడల్ డిజైర్ 2017లో వచ్చినప్పటి నుంచీ అన్ని వేరియంట్లలో ముందు రెండు ఎయిర్ బ్యాగులు ఇస్తున్నారు. కాబట్టి ఈ బండికి లేవనే మాట లేదు. ఇంజన్ స్టార్ట్ చెయ్యకుండా తాళం ఆన్ చెయ్యి. మీటర్లో ఎయిర్ బ్యాగు బొమ్మ ఎర్రగా వెలిగి, కొన్ని సెకన్లకి దానంతట అదే ఆరిపోవాలి. బ్యాటరీ లైటు, ఆయిల్ లైటు మాత్రం ఇంజన్ స్టార్ట్ అయ్యేదాకా వెలుగుతూనే ఉంటాయి. ఎయిర్ బ్యాగు లైటు అసలు వెలగకపోతే దాన్ని పీకేశారు. వెలిగి ఆరకపోతే సిస్టమ్‌లో తప్పు ఉంది. ఇంకో రకం ఉంది, దాన్ని జాగ్రత్తగా పట్టుకోవాలి: ఎయిర్ బ్యాగు లైటు బ్యాటరీ లైటుతో పాటు వెలిగి, ఇంజన్ స్టార్ట్ అవగానే దానితో పాటే ఆరిపోతే, దాని వైరు తెచ్చి దీనికి కలిపేశారు. బ్యాగు ఉండాల్సిన చోట చిన్న రెసిస్టర్ పెట్టి కంప్యూటర్‌ని నమ్మించేవాళ్ళు కూడా ఉన్నారు, అప్పుడు లైటు శుభ్రంగానే ఆరుతుంది. అందుకే లైటు ఒక్కటీ చూసి ఊరుకోకూడదు. స్టీరింగ్ మధ్య మూత సరిగ్గా కూర్చుందా, దాని మీద గరుకు మిగతా స్టీరింగ్‌తో కలుస్తోందా చూడు. ఎడమవైపు డ్యాష్‌బోర్డు పైన కోసి అతికిన గీత ఉందేమో చెయ్యి పెట్టి చూడు. సీటు బెల్టు చివరిదాకా లాగితే కింద గుడ్డ చీటీ కుట్టి ఉంటుంది, తయారైన తేదీతో. రెండు ముందు బెల్టుల తేదీలూ బండి వయసుకి దగ్గరగా ఉండాలి. ఒకటి కొత్తదైతే, పెద్ద దెబ్బలో బెల్టు బిగుసుకుపోయి మార్చారని అర్థం. బ్యాగులు, కంప్యూటర్, బెల్టులు, డ్యాష్‌బోర్డు అన్నీ కొత్తవి వెయ్యాలంటే పెద్ద బిల్లు అవుతుంది. ఇన్సూరెన్స్ లేనివాడు చేతి డబ్బుతో చేయిస్తే మొదట మానేసేది అదే, ఎందుకంటే అది లేకపోయినా బండి నడుస్తుంది.

బెల్టు లాగమన్నాను కదా, లాగినప్పుడు ఒకసారి వాసన కూడా చూడు. మన దగ్గర బండికి రెండు గండాలు, లారీ ఒకటి, కాలవ ఒకటి. కాలవలో పడిన బండిని గుద్దిన బండిగా చెప్పి అమ్మడం తేలిక, ఎందుకంటే ముందు ఎలాగూ నలిగే ఉంటుంది. బెల్టు చివర మడతల్లో బంక మట్టి గీత ఉన్నా, ముక్కిన కంపు వచ్చినా ఆ బండి ఏ రేటుకీ వద్దు. గుద్దిన బండినైనా బాగు చేయవచ్చేమో గాని మునిగిన బండిని నేను నమ్మను. ఎయిర్ బ్యాగు కంప్యూటర్ చాలా బండ్లలో గేరు రాడ్ దగ్గర, నేల మీదే ఉంటుంది. మోకాలి లోతు నీళ్ళకే తడుస్తుంది. కార్పెట్ కింద స్పాంజి నెలల తరబడి తడి పట్టి ఉంచుతుంది. వైర్ల కనెక్టర్లు పచ్చగా చిలుము పడతాయి. ఇవాళ పవర్ విండో, రేపు ఫ్యాన్, ఎల్లుండి నడిరోడ్డు మీద ఇంజనే ఆగిపోతుంది. మీ వైపు చెరువుల ఉప్పు నీళ్ళయితే ఇంకా త్వరగా తినేస్తుంది. కింద పడుకుని చూసి తుప్పు ఉందని కంగారు పడకు, అంతర్వేది గాలికి మన వైపు బండ్ల కింద తుప్పు మామూలే. డ్యాష్‌బోర్డు కింద తల పెట్టి పైకి చూడు, అక్కడి ఇనుప బ్రాకెట్లకి తుప్పు ఉండకూడదు. సీటు పట్టాల బోల్టులకీ, స్టెప్నీ గుంటకీ ఉండకూడదు. గాలి తేమ అంత లోపలికి వెళ్ళి తుప్పు పట్టించదు, నీళ్ళు వెళ్ళాలి. 2022 జులైలో గోదావరి పొంగినప్పుడు లంకల్లో తడిసినవీ, 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడ మీద పడినప్పుడు మునిగినవీ చాలానే. ఇన్సూరెన్స్ వాళ్ళు వేలం వేసిన బండి అక్కడే ఉండిపోదు, ఏదో ఒక ఊళ్ళో రంగు వేసుకుని నిలబడుతుంది.

చివరికి నడపడం. చించినాడ బ్రిడ్జి దాకా నడిపితే చాలదు. హైవే మీద తణుకు వైపు ఎనభైలో పోనిచ్చి, ముందూ వెనకా ఎవరూ లేనప్పుడు స్టీరింగ్ మీద పట్టు కాస్త వదులు చెయ్యి, పూర్తిగా వదలకు. ఒకే పక్కకి లాగుతుంటే అలైన్‌మెంట్ అంటారు. నిజంగా అలైన్‌మెంటేనా అంటే, నువ్వే డబ్బులిచ్చి అలైన్‌మెంట్ చేయించు, నాలుగైదు వందలతో పోతుంది. మిషను తెర మీద ఒక చక్రం కొలత ఎంత తిప్పినా ఎర్రలోంచి పచ్చలోకి రాకపోతే కింద ఏదో వంగి ఉంది. ఆ ప్రింటు దగ్గర పెట్టుకో, బేరానికైనా పనికొస్తుంది, మానుకోడానికైనా పనికొస్తుంది.

ఐ20 తమ్ముడూ, నీది వెనక దెబ్బ. డిక్కీ మూత, బంపరు దగ్గర ఆగిపోయి ఉంటే నువ్వు చేసింది మంచి బేరమే. ఒకసారి స్టెప్నీ తీసి కింద రేకు మడతలు పడిందేమో చూసుకో. నీ బండికి ఏమీ కాలేదన్నావు, దేవుడి దయ. మళ్ళీ గుద్దుకోలేదు కాబట్టి ఏమీ కాలేదు.


పాలసీ మాస్టారు:

బాబాయి గారు బండి చూశారు, నేను కాగితాలు చూస్తాను. పాలకొల్లులో ఇన్సూరెన్స్ పని నాది.

ఎన్సీబీ సున్నా ఉందని క్లెయిమ్ అయిపోయిందని తేల్చెయ్యకండి. పాలసీ అయిపోయాక 90 రోజుల్లో రెన్యువల్ చేయకపోయినా పోతుంది. బండి చేతులు మారినా పోతుంది, ఎందుకంటే ఎన్సీబీ మనిషిది, బండిది కాదు. అందుకని ఒక్క పాలసీ కాదు, వరసగా మూడేళ్ళవి అడగండి. క్లెయిమ్ లేకుండా ఏడాది గడిస్తే 20 శాతం, తర్వాత 25, 35, 45, చివరికి 50 శాతం దాకా ఎక్కుతుంది. అదే ఓనరు పేరు మీద, గ్యాప్ లేకుండా, 35 నుంచి ఒక్కసారిగా సున్నాకి పడిందంటే ఆ మధ్య ఏడాదిలో క్లెయిమ్ నడిచింది. ఏ ఏడాదో తెలిస్తే ఏ షోరూమ్ బాడీషాపులో చేశారో ఓనర్ని అడగడం తేలిక. వాళ్ళ పాత పాలసీ థర్డ్ పార్టీ ఒక్కటే, అంటే ఎదుటివాళ్ళ నష్టానికి మాత్రమే అయితే ఇలా ఏ గుర్తూ దొరకదు, సొంత డబ్బుతో చేయించుకుని ఉంటారు. అది ఇంకా అనుమానించాల్సిన సంగతి.

టోటల్ లాస్ అంటే బండి తుక్కయిపోయిందనుకుంటారు చాలామంది. రిపేరు ఖర్చు ఐడీవీలో, అంటే పాలసీలో రాసిన బండి విలువలో, 75 శాతం దాటితే కంపెనీ దాన్ని టోటల్ లాస్ కింద కడుతుంది. ఐదు లక్షల ఐడీవీ ఉన్న బండికి షోరూమ్ ఎస్టిమేట్ మూడు లక్షల డెబ్బై ఐదు వేలు దాటితే చాలు. ఓనరుకి డబ్బు ముడుతుంది, బండి సాల్వేజ్ కింద వేలానికి పోతుంది. కొన్నవాడు పాత స్పేర్లతో అందులో సగం ఖర్చుకే లేపి మార్కెట్లో పెడతాడు. పూర్తిగా పనికిరాకుండా పోయిన బండి ఆర్సీ రద్దు చేయించాలని మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్ చెబుతుంది గాని, ఇలా లేపగలిగిన బండ్ల ఆర్సీలు అలాగే నడుస్తుంటాయి. కాబట్టి పరివాహన్ యాప్‌లో ఆర్సీ యాక్టివ్ అని చూపించినంత మాత్రాన బండి చరిత్ర శుభ్రమని కాదు. అక్కడ ఫైనాన్స్ తీరిందా, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉంది, ఎన్నో ఓనరు అన్నవి చూసుకోండి, అంతవరకే.

ఆ దెబ్బలో ఎవరికైనా గాయమై పోలీసు కేసు ఉంటే ఇంకో చిక్కు. కోర్టు బండిని ఓనరుకి తాత్కాలికంగా అప్పగించేటప్పుడు కేసు తేలేదాకా అమ్మకూడదని మామూలుగా షరతు పెడుతుంది. ఆ బండి మీరు కొన్నాక ట్రాన్స్‌ఫర్‌లో ఇరుక్కుంటారు. కేసు ఏమైనా ఉందా అని సూటిగా అడిగి, లేదని సేల్ లెటర్లో రాయించుకోండి. అదే లెటర్లో "ఆప్రాన్, పిల్లర్లు, ఎయిర్ బ్యాగులు దెబ్బ తినలేదు, నీళ్ళలో మునగలేదు" అని కూడా రాసి సంతకం పెట్టమనండి. నోటితో ఎంత గట్టిగా చెప్పినవాడైనా పెన్ను దగ్గర తడబడతాడు.

ఇంకొకటి. 2023 ఏప్రిల్ 1 నుంచి పాత బండ్ల డీలర్లు రవాణా శాఖ దగ్గర ఆథరైజేషన్ తీసుకోవాలి. ఓనరు బండి అప్పగించినట్టు ఫారం 29సీలో తెలియజేస్తే, అమ్ముడయ్యేదాకా బాధ్యత డీలరుదే. మీ కన్సల్టెన్సీకి అది ఉందా అడగండి. ఉంటే "ఓనరు దగ్గరుంది, తెప్పిస్తాను" అనే మాటకి చోటు తక్కువ.

బండి కొంటే మాత్రం, తీసుకున్న 14 రోజుల్లో ఆర్సీ మార్పుకి, ఇన్సూరెన్స్ మార్పుకి రెండింటికీ పెట్టండి. థర్డ్ పార్టీ కవరు బండితో పాటు మీకు వస్తుంది. సొంత డ్యామేజీ కవరు మీ పేరుకి మారకుండా గుద్దితే కంపెనీ పైసా ఇవ్వదు.


రాజోలు కుర్రాడు:

బాబాయి గారూ, మాస్టారు గారూ, మీకు చాలా రుణపడ్డాను. బావమరిదిని తీసుకుని మళ్ళీ వెళ్ళొచ్చాను, మధ్యాహ్నం ఎండలో.

బీడింగ్ లాగాను. ఎడమవైపు మీరు చెప్పినట్టే గుంటలు పైనుంచి కిందదాకా వరసగా ఉన్నాయి. కుడివైపు పైన ఉన్నాయి, అద్దం మొదలయ్యే దగ్గర నుంచి ఒక జానెడు మేర లేవు. నున్నగా, రంగు కింద సన్నటి గీతలతో ఉంది. గోరుతో గీకితే తెల్లటి పెచ్చు లేచింది. బావమరిది అప్పటిదాకా ఫోన్ చూసుకుంటున్నవాడు లేచొచ్చి తనూ గీకి చూశాడు.

ఎయిర్ బ్యాగు లైటు అసలు వెలగలేదు. మిగతావన్నీ వెలిగాయి. అడిగితే బల్బు పోయి ఉంటుంది, వేయించి ఇస్తానన్నాడు. ఎడమ బెల్టు చీటీ 2019, కుడి బెల్టు చీటీ 2022. వాసన ఏమీ లేదు, డ్యాష్‌బోర్డు కింద శుభ్రంగా ఉంది, నీళ్ళ బండి మాత్రం కాదు.

మాస్టారు చెప్పినట్టు సేల్ లెటర్లో రాయమంటే, "మేం అలాంటివి రాయమండీ, బండి చూసుకుని తీసుకోవాలి" అన్నాడు. పాత పాలసీలు కూడా లేవన్నాడు. మేం బయటికొచ్చేస్తుంటే వెనకాలే వచ్చి నాలుగు లక్షలకి చేసుకోండి అన్నాడు. అడ్వాన్స్ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఒక్క డౌటు. నాలుగు లక్షలంటే లక్షన్నర మిగులుతుంది. అందులో ఎయిర్ బ్యాగులు, బెల్టు అన్నీ కొత్తవి వేయించి, పిల్లరు మీ దగ్గర సరిచేయిస్తే బండి మామూలుగా అవుతుందా?


రేకు బాబాయి:

అవదు బాబూ. బ్యాగులు కొనగలవు, బెల్టు కొనగలవు. పిల్లరు కోసి అతికినదాన్ని మళ్ళీ కోసి అతకడమే నేను చెయ్యగలిగింది. అక్కడిదాకా వెళ్ళిన దెబ్బ ఆప్రాన్‌ని, కింద మెంబర్ని వదిలి ఉండదు, బోనెట్ సందు కూడా అదే చెబుతోంది. డ్రైవరు బ్యాగు పేలిన బండి అది, 2022లోనో ఆ తర్వాతో. "చిన్న టచ్" అన్నవాడు ఇంకేం దాచాడో తేల్చడానికి నీ లక్షన్నర సరిపోదు. నా షెడ్డుకి పని వస్తుంది గదా అని చెయ్యి అనను.

నాలుగు కాదు, మూడుకిచ్చినా మీ అమ్మగారు కూర్చునే బండి అది కాదు.


అమలాపురం ఐ20:

స్టెప్నీ తీసి చూశాను బాబాయి గారూ. రేకు మడత లేదు, రంగు కంపెనీదే. పిల్లరు కోసిన బండి అని ముందే తెలిసుంటే నేను కూడా తీసుకోమని అనేవాణ్ణి కాదు. రాజోలు అన్నయ్యా, ముమ్మిడివరంలో మా ఫ్రెండు వాళ్ళ నాన్నగారి 2018 డిజైర్ అమ్మకానికి ఉంది, సింగిల్ ఓనరు, రిటైర్డ్ టీచరు. వెనక బంపరు, ఎడమ వెనక డోరు రంగు పడ్డాయి, గేటుకి గీసుకుంది. ఐదు ఇరవై చెబుతున్నారు. పాలసీ కాగితాలన్నీ ఫైలు కట్టి పెట్టారు, మొదటి ఏడాది నుంచీ.


రాజోలు కుర్రాడు:

నంబరు మెసేజ్ చెయ్యి తమ్ముడూ. బాబాయి గారూ, ఆ బండి వాళ్ళని ఒప్పించి ఒకసారి మీ షెడ్డుకి తీసుకొస్తే చూసిపెడతారా? చూసినందుకు ఎంత ఇవ్వాలో చెప్పండి.


రేకు బాబాయి:

తీసుకురా. మంగళవారం సెలవు, మిగతా ఏ రోజైనా పర్వాలేదు. పొద్దున్న తొమ్మిదింటిలోపు వస్తే లిఫ్ట్ ఖాళీగా ఉంటుంది, తర్వాత సందు దొరకదు. ఐదొందలు ఇవ్వు, పక్కనే ఉన్న అలైన్‌మెంట్ కుర్రాడికి వాడి డబ్బులు వేరే. బండి కడిగించి తేవద్దని ఆ టీచరు గారికి చెప్పు, దుమ్ముతోనే తెమ్మను.